ఫ్లయిట్ ఇంజనీరు నార్మన్ జాక్సన్

యుద్ధవిమానం అనగానే మనకు మొదట స్ఫురించేవాడు దానిని నడిపే పైలట్. బాంబర్ విమానమైతే బాంబులు విడిచేవాడు, తుపాకి పేల్చేవాడు కూడ గుర్తుకు రావచ్చు. కాని రెండవ ప్రపంచయుద్ధకాలపు నాలుగు ఇంజన్ల బ్రిటిష్ బాంబర్లలో పైలట్ ప్రక్కనే, ఒక మడతకుర్చీ మీద, మరొక వ్యక్తి కూర్చునేవాడు. అతని చేతిలో ఆయుధం లేదు. ఎదుట ముళ్లు కదలాడే మీటర్లు, చేతిలో పెన్సిలు, లెక్కలు వేసుకొనే కాగితం - ఇవే అతని సామగ్రి. అతడే ఫ్లయిట్ ఇంజనీరు. ఈ ఉద్యోగం ఎందుకు పుట్టినది, దానికి ఎట్టి శాస్త్రజ్ఞానం కావలసి వచ్చినది, ఆ బాధ్యత ఒక మనిషిని ఎంతటి సాహసానికి పురికొల్పినది అనే విషయాలు నార్మన్ సిరిల్ జాక్సన్ జీవితం వలన మనకు తెలుస్తాయి.

రెండవ పైలట్ స్థానంలో ఇంజనీరు

1939లో యుద్ధం ప్రారంభమైనప్పుడు బ్రిటిష్ వైమానికదళం వద్ద ఉన్న బాంబర్లు ఒకటి రెండు ఇంజన్లవే. 1941 తొలి నెలలలో స్టర్లింగ్, హాలిఫాక్స్ అనే విమానాలు, 1942 మార్చిలో లంకాస్టర్ విమానం రంగంలోకి వచ్చాయి. వీటికి నాలుగేసి ఇంజన్లు. ఇంజన్లు పెరగడంతో మీటర్లు, పంపులు, కవాటాలు, స్విచ్చులు కూడ పెరిగాయి. చీకటిలో శత్రువు కన్నుగప్పి విమానం నడిపే పైలట్‌కు వీటన్నిటినీ కనిపెట్టి ఉండడం సాధ్యం కాదు. అందువలన 1941లో ఫ్లయిట్ ఇంజనీరు అనే కొత్త ఉద్యోగాన్ని ఏర్పాటు చేశారు.

మొదట ఈ విమానాలలో ఇద్దరు పైలట్లు ఉండేవారు. పైలట్‌కు శిక్షణ ఇవ్వడానికి చాలాకాలం పడుతుంది. ఒక్క విమానం కూలితే ఇద్దరు పైలట్లు పోతారు. కనుక 1942లో రెండవ పైలట్‌ను తొలగించి, అతని స్థానంలో ఇంజనీరును కూర్చుండబెట్టారు. పైలట్ గాయపడితే విమానాన్ని తిన్నగా నడిపే పాటి అభ్యాసం కూడ చాలమంది ఇంజనీర్లకు ఇచ్చేవారు. మొదటి ఇంజనీర్లలో ఎక్కువమంది నేలమీద ఇంజన్లు బాగుచేసే ఫిట్టర్లు. వేల్స్ ప్రాంతంలోని సెంట్ అథన్ శిక్షణాలయం ఈ విద్యకు ముఖ్యకేంద్రం. శిక్షణ ముగించినవారు రొమ్ముమీద ఒకే రెక్క, దాని ప్రక్కన ‘ఇ’ అనే ఇంగ్లీషు అక్షరం ఉన్న చిహ్నాన్ని ధరించేవారు.

పెట్రోలు లెక్క

లంకాస్టర్ రెక్కలు ఈ కొస నుండి ఆ కొసకు 102 అడుగులు. అందులో ఏడుగురు ప్రయాణించేవారు: పైలట్, ఫ్లయిట్ ఇంజనీరు, దారి లెక్కగట్టే నావిగేటరు, బాంబులు విడిచేవాడు, వైర్‌లెస్ ఆపరేటరు, వీపుమీది తుపాకిదారు, తోకలోని తుపాకిదారు. ఒక్కొక్క రెక్కలో మూడేసి పెట్రోలు ట్యాంకులు ఉండేవి. విమానదేహానికి దగ్గరగా ఉన్న ట్యాంకులో 580 గ్యాలన్లు, దాని తరువాతి దానిలో 383, కొసకు దగ్గరి దానిలో 114 పట్టేవి. రెండు రెక్కలకు కలిపి 2,154 గ్యాలన్లు. ఈ పెట్రోలు బరువే సుమారు 7 టన్నులు.

నాలుగు ఇంజన్లు కలిసి గంటకు సుమారు 200 గ్యాలన్లు తాగేవి. అనగా ఒక మైలుకు దాదాపు ఒక గ్యాలను. ట్యాంకులలోని మీటర్లు విమానం ఒరిగినప్పుడల్లా తప్పు చూపగలవు. కనుక ఇంజనీరు వాటినే నమ్ముకొని ఉండరాదు. సుమారు ఇరవై నిమిషాలకొకసారి ఇంజన్ల వేగం, ఒత్తిడి, ఎత్తు, ఉష్ణోగ్రత వ్రాసుకొని, వాటిని బట్టి ఎంత పెట్రోలు ఖర్చయినదో, ఏ ట్యాంకులో ఎంత మిగిలినదో లెక్కగట్టేవాడు.

ఈ లెక్క ఎంత అవసరమో ఒక ఉదాహరణ వలన గ్రహించవచ్చు. విమానం 600 మైళ్లు తిరిగి రావలెననుకొందాం. గాలిలో దాని వేగం గంటకు 200 మైళ్లు. గాలి నిశ్చలంగా ఉంటే ప్రయాణానికి 3 గంటలు, పెట్రోలు 600 గ్యాలన్లు. కాని గంటకు 40 మైళ్ల ఎదురుగాలి వీస్తే నేలకు సంబంధించి విమానవేగం 160 మైళ్లకు పడిపోతుంది. అప్పుడు ప్రయాణానికి 3 గంటల 45 నిమిషాలు, పెట్రోలు 750 గ్యాలన్లు కావాలి. ఎక్కువగా కావలసిన ఆ 150 గ్యాలన్లు ట్యాంకులో ఉన్నాయో లేవో ముందుగా తెలియకపోతే, దాని ఫలితం సముద్రం మధ్యలో తెలుస్తుంది.

ట్యాంకులను వాడుకొనే క్రమం కూడ ఇంజనీరు చేతిలోనే ఉండేది. కొసట్యాంకులోని పెట్రోలును పంపుతో ప్రక్క ట్యాంకులోకి మార్చుకోవాలి. మామూలుగా ఏ రెక్కలోని పెట్రోలు ఆ రెక్క ఇంజన్లకే పోతుంది. అవసరమైతే ఒక కవాటం తిప్పి ఒక ప్రక్క పెట్రోలును రెండవ ప్రక్కకు అందించవచ్చు. తూటా తగిలి ఒక ట్యాంకు కారుతుంటే, అది వృథాగా పోకముందే నాలుగు ఇంజన్లకూ ఆ ట్యాంకు నుండే తాగించేవాడు. ట్యాంకులకు రబ్బరు పూత ఉండేది. పెట్రోలు తగిలితే ఉబ్బే రబ్బరు అది. చిన్న తూటా చేసిన రంధ్రాన్ని తనంతట తానే మూసివేసేది. ఫిరంగిగుండు చేసిన పెద్ద గండిని మాత్రం మూయలేకపోయేది.

ఇంజన్ నాడి

లంకాస్టర్లలో ఎక్కువ భాగానికి మెర్లిన్ అనే ఇంజన్లు అమర్చారు. ఒక్కొక్క ఇంజన్‌కు 12 సిలిండర్లు, 1,200కు పైగా అశ్వశక్తి. పైకి పోయినకొద్దీ గాలి పలుచబడుతుంది. 20,000 అడుగుల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉండేదానిలో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే. గాలి చాలకపోతే పెట్రోలు సరిగా మండదు. ఇంజన్ బలం తగ్గుతుంది. అందువలన ఇంజన్‌లోకి గాలిని కూరే సూపర్‌చార్జరు అనే పంకా ఉండేది. అది కూరిన గాలి మామూలు వాతావరణపు ఒత్తిడి కంటె ఎంత ఎక్కువగా ఉన్నదో ఒక మీటరు చూపేది. దీనినే బూస్టు అంటారు. కొంత ఎత్తుకు పోగానే ఆ పంకాను మరింత వేగంగా తిరిగే గేరుకు మార్చాలి.

తిరుగుడు వేగం తక్కువగా, బూస్టు ఎక్కువగా ఉంచితే పెట్రోలు ఆదా అవుతుంది. పొడుగాటి అంగలతో నిదానంగా నడిచేవాడు, చిన్న అడుగులతో పరుగెత్తేవాని కంటె తక్కువ అలసటతో అదే దూరం పోతాడు. ఇంజన్ సంగతి కూడ ఇట్టిదే. వేగంగా తిరిగినకొద్దీ లోపలి భాగాల రాపిడికే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. అయితే తిరుగుడు మరీ తగ్గించి బూస్టు మరీ పెంచితే ఇంజన్ దెబ్బతింటుంది. ఈ రెండు హద్దుల మధ్య దారి చూడడమే ఇంజనీరు నేర్పు.

చమురు ఒత్తిడి, చమురు వేడి, ఇంజన్‌ను చల్లబరచే ద్రవపు వేడి - ఈ మూడూ ఇంజన్ ఆరోగ్యాన్ని తెలిపే నాడులు. చమురు ఒత్తిడి పడిపోతూ వేడి పెరుగుతుంటే ఆ ఇంజన్‌లో ఏదో అరిగిపోతున్నదన్నమాట. అప్పుడు దానిని ఆపి, ప్రొపెల్లరు రేకులను గాలికి అంచుగా తిప్పివేయాలి. లేకపోతే ఎదురుగాలికి అది తిరుగుతూ విమానాన్ని వెనుకకు లాగుతుంది. ఇంజన్‌లోనే మంట పుడితే మీట నొక్కి ఆర్పే ఏర్పాటు ఉన్నది. నేల విడిచేటప్పుడు పైలట్ చేయి వెనుకనే తన చేయి ఉంచి నాలుగు ఇంజన్లకూ పూర్తి బలం ఇవ్వడం, తరువాత చక్రాలను లోపలికి ముడవడం కూడ ఇంజనీరు పనులే.

ఫిట్టరు నుండి ఫ్లయిట్ ఇంజనీరు

నార్మన్ జాక్సన్ 1919 ఏప్రిల్ 8వ తేదీన లండన్ నగరంలోని ఈలింగ్ ప్రాంతంలో జన్మించాడు. పసితనంలోనే అతనిని మరొక కుటుంబం వారు దత్తత చేసుకొని పెంచారు. పెద్దవాడై ఫిట్టరు పని, లేతుపని నేర్చుకొన్నాడు. 1939లో వైమానికదళంలో చేరి ఇంజన్ ఫిట్టరయ్యాడు. 1941లో పశ్చిమాఫ్రికాలోని ఫ్రీటౌన్ రేవుకు పంపబడి, నీటిమీద వాలే నాలుగు ఇంజన్ల సండర్లాండ్ విమానాల దళంలో పనిచేశాడు. నేలమీద ఉండి ఇంజన్లు బాగుచేయడంతో అతడు తృప్తి పడలేదు. ఫ్లయిట్ ఇంజనీరు శిక్షణ కోరి 1942లో ఇంగ్లండుకు తిరిగివచ్చాడు. 1943 జూలైలో 106వ స్క్వాడ్రన్‌లో చేరి లంకాస్టర్ విమానాలలో యుద్ధయాత్రలకు పోసాగాడు.

ఆనాడు బాంబర్ సిబ్బంది ఒక విడతలో 30 యాత్రలు చేయాలి. అవి పూర్తయితే కొంతకాలం యుద్ధయాత్రల నుండి విశ్రాంతి లభిస్తుంది. జాక్సన్ ఒకసారి వేరొక సిబ్బందితో కూడ వెళ్లినందువలన, 1944 ఏప్రిల్ 24వ తేదీ నాటికి అతని 30 యాత్రలు ముగిశాయి. అతని సహచరులకు మాత్రం ఇంకొక యాత్ర మిగిలి ఉన్నది. అతడు వెళ్లనవసరం లేదు. కాని ఇన్నాళ్లూ కలిసి ఎగిరినవారిని చివరి యాత్రకు కొత్త ఇంజనీరుతో పంపడం ఇష్టంలేక, తానుగా బయలుదేరాడు. తనకు తొలిబిడ్డ, కుమారుడు, కలిగినట్లు అతనికి వార్త అందినది ఆనాడే.

1944 ఏప్రిల్ 26 రాత్రి

ఆనాటి గమ్యం జర్మనీలోని ష్వయిన్‌ఫుర్ట్ పట్టణం. అక్కడ బాల్ బేరింగులు తయారుచేసే కర్మాగారాలు ఉన్నాయి. తిరిగే ఇరుసు ఉన్న ప్రతి యంత్రానికి బేరింగులు కావాలి. విమానాలు, టాంకులు, లారీలు అన్నీ వాటిమీదనే ఆధారపడ్డాయి. కనుక అంతకు ముందే 1943లో అమెరికన్ విమానాలు ఈ పట్టణంపై రెండు పెద్ద దాడులు చేసి తీవ్రంగా నష్టపోయాయి.

ఆ రాత్రి అనుకొన్నదానికంటె బలమైన ఎదురుగాలులు వీచి విమానాలను ఆలస్యం చేశాయి. జర్మన్ రాత్రి పోరాట విమానాలు విరుచుకుపడ్డాయి. గురిచూపే దీపాలు సరియైన చోట పడలేదు. బాంబులలో చాలాభాగం పట్టణం వెలుపల పడ్డాయి. 21 లంకాస్టర్లు తిరిగి రాలేదు. అందులో జాక్సన్ విమానం ఒకటి.

బాంబులు విడిచి విమానం పైకి ఎక్కుతుండగా సుమారు 20,000 అడుగుల ఎత్తున శత్రువిమానం దానిని కొట్టినది. జాక్సన్ క్రిందపడిపోయాడు, కుడికాలికి, భుజానికి గుండ్ల ముక్కలు తగిలాయి. లేచి చూచేసరికి కుడిరెక్క పైభాగాన, విమానదేహానికీ లోపలి ఇంజన్‌కూ మధ్య, పెట్రోలు ట్యాంకు దగ్గర మంట లేచినది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మీట నొక్కి మంట ఆర్పే ఏర్పాటు ఇంజన్ గూటికి మాత్రమే. ఈ మంట ఇంజన్‌లో లేదు, రెక్కమీద ఉన్నది. విమానం లోపల ఉన్న ఏ మీటా దానికి పనికిరాదు. రెక్క అల్యూమినియం మిశ్రలోహంతో చేసినది. 660 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద అల్యూమినియం కరుగుతుంది; అంతకు చాలా ముందే, 300 డిగ్రీల ప్రాంతంలోనే, దాని మిశ్రలోహాల బలం బాగా సన్నగిల్లుతుంది. పెట్రోలు మంట వేడి అంతకు చాలా ఎక్కువ. అనగా కొద్ది నిమిషాలలో ట్యాంకు పేలవచ్చు, లేదా రెక్క విరిగిపోవచ్చు. పెట్రోలు, ట్యాంకు, ఇంజన్ - ఇవన్నీ ఇంజనీరు బాధ్యతలు. ఈ మంటను కూడ జాక్సన్ తన పనిగానే భావించాడు. రెక్కమీదికి పోయి దానిని ఆర్పడానికి పైలట్ మిఫ్లిన్ అనుమతి కోరి పొందాడు.

చేతితో వాడే మంటలార్పే సిలిండరును చొక్కాపైని రక్షణకవచంలో దోపుకొన్నాడు. పారాచూట్ తగిలించుకొన్నాడు. పైలట్ తలకు పైనున్న తలుపును ఊడదీసి బయటికి ఎక్కసాగాడు. ఇంతలో పారాచూట్ విడిపోయి, దాని గుడ్డ, తాళ్లు లోపలనే పరచుకొన్నాయి. అయినా అతడు వెనుకంజ వేయలేదు. పైలట్, బాంబులు విడిచేవాడు, నావిగేటరు ఆ గుడ్డను పోగుచేసి, తాళ్లు పట్టుకొని, అతడు వెనుకకు ప్రాకినకొద్దీ కొంచెం కొంచెంగా వదలుతూ వచ్చారు.

వెలుపలి పరిస్థితి ఎట్టిదో భౌతికశాస్త్రం కొంతవరకు చెప్పగలదు. 20,000 అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి భూమిమీది దానిలో సగానికి తక్కువ. అక్కడ ప్రాణవాయువు గొట్టం లేనిదే మనిషి ఎక్కువసేపు స్పృహలో ఉండలేడు. ఉష్ణోగ్రత సామాన్యంగా సున్నకు క్రింద 25 డిగ్రీలు. విమానం వేగం గంటకు 200 మైళ్లు, అనగా 320 కిలోమీటర్లు. గాలి కొట్టే దెబ్బ దాని వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది; వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగు రెట్లు. ఆ ఎత్తున గాలి పలుచన కనుక దెబ్బ కొంత తగ్గుతుంది. ఆ తగ్గింపు పోగా అది నేలమీద గంటకు 235 కిలోమీటర్ల గాలికి సమానం. మన కోస్తాను తాకే పెనుతుఫానుల గాలి ఇట్టిది. చదరపు మీటరుకు సుమారు 260 కిలోగ్రాముల బరువుతో నెట్టే గాలి అది. ప్రాకుతున్న మనిషి దేహంలో పావు చదరపు మీటరు గాలికి ఎదురైనా, దాదాపు అతని బరువంత బలం అతనిని వెనుకకు తోస్తుంది.

జాక్సన్ జారి విమానదేహం మీదినుండి రెక్కమీద పడ్డాడు. రెక్క ముందు అంచున గాలి లోపలికి పోయే మార్గాన్ని చేతులతో పట్టుకొని వ్రేలాడాడు. సిలిండరు జారి గాలిలో కొట్టుకొనిపోయినది. మంటలు త్వరత్వరగా వ్యాపించి అతని ముఖాన్ని, చేతులను, బట్టలను కాల్చాయి. ఇక పట్టు నిలువలేదు. గాలి అతనిని మంటల మధ్యగా ఈడ్చి, రెక్క వెనుక అంచుమీదుగా పారవేసినది. లోపలివారు తాళ్లు వదలివేశారు. చివరిసారి వారికి కనిపించినప్పుడు పారాచూట్ పూర్తిగా విచ్చుకోలేదు, అక్కడక్కడ అంటుకొని కాలుతున్నది.

మంట అదుపు తప్పినందున పైలట్ అందరినీ దూకవలసిందిగా ఆజ్ఞాపించాడు. నలుగురు క్షేమంగా దిగి శత్రువులకు చిక్కారు. పైలట్ మిఫ్లిన్, తోక తుపాకిదారు బ్రతికి బయటపడలేదు.

ఆ తరువాత

చిరిగి కాలిన పారాచూట్‌తో జాక్సన్ వేగంగా నేలను తాకాడు. చీలమండ విరిగినది. కాలిన గాయాలతో కుడికన్ను మూసుకుపోయినది. చేతులు పనికిరాకుండా పోయాయి. తెల్లవారగానే మోకాళ్లమీద, మోచేతులమీద ప్రాకుతూ దగ్గరి గ్రామం చేరి, అక్కడ బందీ అయ్యాడు. పది నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. తరువాత బందీల శిబిరం నుండి రెండుసార్లు తప్పించుకోజూచి, రెండవసారి అమెరికన్ సేనలను చేరగలిగాడు. చేతులు మాత్రం పూర్తిగా స్వాధీనానికి రాలేదు.

రెక్కమీద జరిగినదానిని లోకానికి తెలిపినవారు బందీలుగా ఉండి విడుదలై వచ్చిన అతని సహచరులు. 1945 అక్టోబరు 26వ తేదీన అతనికి బ్రిటిష్ సైన్యపు అత్యున్నత పురస్కారమైన విక్టోరియా క్రాస్ ప్రకటించారు. మంట ఆర్పగలిగి ఉన్నా అతడు తిరిగి విమానం లోపలికి రాగలిగే ఆశ దాదాపు లేదని ఆ ప్రకటనే పేర్కొన్నది. యుద్ధానంతరం అతడు వర్తకసంస్థ ప్రతినిధిగా ఊరూరా తిరిగే ఉద్యోగం చేసి, పెద్ద కుటుంబాన్ని పెంచి, 1994 మార్చి 26వ తేదీన మరణించాడు.

జాక్సన్ వంటివారి సేవను తలచేటప్పుడు దాని వెలను కూడ చెప్పుకోవాలి. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది మరణించారు. అనగా ప్రతి వందమందిలో 44 మంది. తయారైన 7,377 లంకాస్టర్లలో 3,000కు పైగా యుద్ధయాత్రలలో నశించాయి. మరొక ప్రక్క, ఈ విమానాలు విడిచిన బాంబులకు జర్మనీ నగరాలలో స్త్రీలు, పిల్లలు సహా లక్షలసంఖ్యలో పౌరులు బలి అయ్యారు. ఆ బాంబుదాడులలోని మంచిచెడులను గురించి చరిత్రకారులు నేటికీ వాదించుకొంటూనే ఉన్నారు. ఆ ఏడుగురి ప్రాణాలు కాపాడిన పెట్రోలు లెక్కే ఆ బాంబులను గమ్యానికి చేర్చినది. శాస్త్రజ్ఞానం దేనికి వినియోగపడవలెనో మీటరు ముల్లు చెప్పదు. దానిని మనుష్యులే నిర్ణయించుకోవాలి.

యుద్ధం ముగిసిన పిదప ఈ విద్య శాంతికాలపు పనులకు ఉపయోగపడినది. ప్రయాణికులను మోసిన కాన్‌స్టెలేషన్, బోయింగ్ 707 విమానాలలో ఫ్లయిట్ ఇంజనీరు ఉండేవాడు. 1976 నుండి 2003 వరకు ధ్వనిని మించిన వేగంతో ప్రయాణికులను చేరవేసిన కాంకార్డ్ విమానంలో, పెట్రోలును ఒక ట్యాంకు నుండి మరొక ట్యాంకుకు మార్చి విమానపు గరిమనాభిని సరిచేయడం అతని ముఖ్యమైన పని. 1980ల నుండి కంప్యూటర్లు మీటర్లను చూడడం, లెక్కలు వేయడం నేర్చినందున, కొత్త ప్రయాణికవిమానాలను ఇద్దరు పైలట్లు మాత్రమే నడుపుతున్నారు. కుర్చీ పోయినది కాని పని పోలేదు. ఎంత పెట్రోలు ఉన్నది, ఎంత ఖర్చవుతున్నది, ఎదురుగాలి ఎంత, మిగిలినది గమ్యానికి చాలునా అనే ప్రశ్నలు నేడు ఎగిరే ప్రతి విమానంలోనూ ఎడతెగకుండా వేసుకోవలసినవే.

వేగం, కాలం, దూరాల పాఠం చెప్పే ఉపాధ్యాయులు పైన ఇచ్చిన ఎదురుగాలి లెక్కను విద్యార్థులచేత చేయించవచ్చు. ఎదురుగాలి 40 మైళ్లకు బదులు 60 మైళ్లయితే ఎన్ని గ్యాలన్లు కావాలి? అదే గాలి వెనుకనుండి వీస్తే ఎన్ని మిగులుతాయి? చీకటిలో, చలిలో, ఆరుగురి ప్రాణాలు తన పెన్సిలుమీద ఆధారపడి ఉండగా, ఫ్లయిట్ ఇంజనీరు ఇరవై నిమిషాలకొకసారి చేసిన లెక్క ఇదే.